కాలికి బేరం

ఏళ్లుగా రెండు మాటల అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను. పేరు మాత్రం అడగకండి, చెప్పను.

మాది గూడూరులో చిల్లరకొట్టు. "వద్దు అనేది బేరంలో మొదటి మాట" అని మా నాయన నేర్పాడు. వంకాయలు కొనేటప్పుడు కూడా నేను ఎవరినీ నమ్మను. వంకాయలూ నన్ను నమ్మవనుకుంటాను.

ఆ రోజు అక్కా నేనూ పాత రేవు చూడబోయాం. తెల్లదొరల నాటి చెక్కల వంతెన నీళ్లలోకి చాలా దూరం పోతుంది. ఒకప్పుడు ఓడల సరుకు దాని మీదే దిగేదట. అక్క వెనక ఇసుకలో గవ్వలేరుతోంది. ఒక పడవతను నా దగ్గరికొచ్చి, తన పడవలో తిప్పి వంతెనంతా చూపిస్తానన్నాడు. నేను సగానికి సగం అడిగాను.

"ఎక్కితే ఎక్కండి, లేకుంటే మానండి. ఆ చివర చెక్కల మీదికి మాత్రం పోబాకమ్మా. పుచ్చిపోయుండాయి."

"పడవెక్కించేదానికి బలే ఎత్తు ఏసినావు! ఇంకో బేడ తగ్గించు, ఆ చెక్కల మీదికి పోము."

"కాలికి బేరమాడతావేందమ్మా!"

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆ నవ్వుతో నా అనుమానం మరీ గట్టిపడింది. ఏమన్నాడని అక్క అడిగితే, బేరం కుదరలేదన్నాను. వంతెన మీద అక్క ముందు నడిచింది. చివర్లో చెక్క విరిగి, కాలు తొడ దాకా దిగబడింది. పరుగున వచ్చి పైకి లాగింది ఆ పడవతనే.

రేవు పక్కనున్న జాలర్ల కుప్పం పెద్దలు చేరారు. రేవుకొచ్చిన కొత్తవాళ్లను హెచ్చరించడం పడవవాళ్ల బాధ్యతట, అక్కడి కట్టుబాటు.

"చెప్పినాను. ఆ యమ్మనే అడగండి," అన్నాడతను. ఎంత ధీమాగా అన్నాడు!

అందరూ నా వైపు తిరిగారు. ఏడుస్తూనే అక్క కూడా.

"మాకెవరూ చెప్పలేదు."

భయమా? సిగ్గా? ఎదుటివాడి మాటలో ఎత్తు తప్ప మరేదీ వినపడని నా చెవుల సంగతి నలుగురిలో ఒప్పుకోలేక, అక్క కళ్లలో నేను తప్పుచేసినదాన్ని కాకూడదని, క్షణంలో ఒక మనిషిని అమ్మేశానా? ఆ రేవులో అతని పడవను ఆపేశారు. పెళ్లాం బిడ్డలతో తడ వైపు వెళ్లిపోయాడని తర్వాత విన్నాం.

అక్క ఇప్పటికీ కుంటుతుంది. ముసురు పట్టి కాలు లాగితే ఆముదం రాసేది నేనే. "ఆ పడవోడు ఒక్క మాట చెప్పుంటే..." అని తిడుతూ నా మొహంలోకి చూస్తుంది. ఎందుకు చూస్తుంది? ఆ రోజు గాలి అక్క వైపు వీచి అతని మాటల్ని మోసిందేమో, నాకు గుర్తు లేదు.

ఇలా చెప్పుకోవడం కూడా క్షమాపణ కోసం బేరమేమోనని నా మీద నాకే అనుమానం. అందుకే, మీరేమీ ఇవ్వకండి.

అతను చెప్పాడు. స్పష్టంగా చెప్పాడు. నేను విన్నాను.