ఎర్త్ గుంతలో తడి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పొద్దంతా మరమగ్గాల మధ్య నిలబడి వచ్చేవాడికి వాటి కోసం తీరిక ఎక్కడిది? దయ్యం చెవిలో అరిచినా వినబడదు. మా చెవులు మగ్గాలకు ఎప్పుడో ఇచ్చేశాం.

తొంభైల్లో సూరత్‌లోని డిండోలిలో అద్దె గదిలో ఉండేవాళ్లం. ఉన్నదంతా పెట్టి టేప్ సెట్టు, ఆంప్లిఫయర్, నా నడుమెత్తు స్పీకర్లు కొన్నాను. గదిలో అవి నిలబడగా మిగిలిన జాగాలో నేనూ నా భార్య సుగుణా సర్దుకున్నాం. క్యాసెట్ పెట్టగానే పాట కంటే ముందు గుంయ్‌మని మోత వచ్చేది. అది విని ఉధ్నా స్టేషన్లో రైళ్లు పక్కకు తప్పుకునేవి.

ఎర్త్ లేకపోవడమే కారణమన్నారు. గది వెనక గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఇనుప తీగ పాతి సెట్టుకు కలిపాం. మట్టి తడిగా ఉంటే మోత ఆగేది, ఎండితే తిరిగొచ్చేది. అందుకని సుగుణ రోజూ బియ్యం కడిగిన నీళ్లు అందులో పోసేది.

ఒకసారి ఆమె బతుకమ్మ పాట పాడుతుంటే రికార్డు చేశాను. మధ్యలో "జర బంద్ వెట్టయ్యా, అన్నం సల్లారుతున్నది" అని కసిరింది కూడా క్యాసెట్‌లో పడింది.

మరుసటి ఏడు సుగుణ జ్వరంతో పోయింది. సరైన ఫొటో కూడా లేదు. నాకు మిగిలింది ఆ గొంతొక్కటే.

మెస్సులో తిని వచ్చి పడుకునేవాణ్ణి. గుంతకు బకెట్టు నీళ్లు మోసే ఓపిక కూడా లేదు. ఎండాకాలానికి మోత పెరిగి ఆ గొంతును పూర్తిగా మింగేసింది.

రైళ్ల సంగతి కాస్త పెంచి చెప్పాను. ఇక్కణ్ణుంచి ఉన్నదున్నట్టే.

ఒక సెలవు మధ్యాహ్నం అలవాటుగా క్యాసెట్ పెట్టాను. మోత లేదు. పాటంతా వినబడింది, కసురుకోవడంతో సహా. వెనక్కి వెళ్లి చూస్తే గుంత తడిగా ఉంది. పైన తెల్లటి నీళ్లు నిలిచి ఉన్నాయి.

పక్క గది రాజవ్వను అడిగాను.

"మాకే తాగ నీళ్లు లేవు తమ్మీ, నీ గుంతకు పోస్తమా?" అంది.

మనసాగక మా ఊరివైపు వైర్‌మన్ మల్లేశాన్ని పిలిచాను. అతను జానెడు మట్టి తీసి తీగ పట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చింది.

"తుప్పువట్టి ఎప్పుడో తెగిందన్నా. నువ్వు సెట్టును గాలికి కట్టేసినవ్. కొత్త తీగ ఎయ్యాల్నా?"

వద్దన్నాను. బాగుచేస్తే ఏది ఆగిపోతుందోనని భయం వేసింది.

ఆ గది ఖాళీ చేసేదాకా తీగను ముట్టుకోలేదు. మోతా రాలేదు. ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.