నిలుపవలసినవి

కనకమ్మ సత్రం కూడలిలో బస్సు దిగి తిరుత్తణి వైపు నాలుగడుగులు వేస్తే, ఎరువుల కొట్టు పక్కన ఏంజెలిన్ టైపింగ్ సెంటరు. బోర్డు మీద తమిళం పెద్దగా, ఇంగ్లీషు కాస్త చిన్నగా, అన్నిటికీ అడుగున తెలుగులో ఒక వరుస: "పాత తెలుగు పత్రములు టైపు చేసి అర్థము వ్రాయబడును." ఆ వరుస చదవగలిగిన వాళ్లు ఆ దారిన తక్కువ. అయినా వెతుక్కుంటూ వస్తారు. ఆ తాలూకా పందొమ్మిది వందల అరవై దాకా చిత్తూరు జిల్లాలో ఉండింది, తర్వాత మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తాతలు రాసుకున్న భాగపత్రాలు తెలుగులో ఉన్నాయి, మనుమలేమో తమిళ బడిలో చదువుకున్నారు.

ఏంజెలిన్ కూడా తమిళ బడి పిల్లే. పుట్టింది చెన్నై దగ్గర పట్టాభిరామ్‌లో. తండ్రి రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఇంట్లో తెలుగు మాట, చర్చిలో తెలుగు పాట. తెలుగు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాట ముందే నోటికి వచ్చు కాబట్టి, పాటల పుస్తకంలో అక్షరాల కింద వేలు పెట్టి పాడుతూ, ఏ శబ్దానికి ఏ గుర్తో తానే పట్టుకుంది. అందుకే ఆమెకు అక్షరం తప్పదు. అర్థమే అప్పుడప్పుడు ఇంటి మాట మీద ఆనించి పోల్చుకుంటుంది. నలభై ఆరేళ్లు వచ్చినా ఈ సంగతి ఎవరితోనూ పెద్దగా చెప్పుకోలేదు.

ఆ మంగళవారం పొద్దున పది గంటలకు జయరామ్ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అరవై దాటిన రైతు. ఆయనకూ పెదనాన్న కొడుక్కీ ఒకటే బావి. రెండు నెలల కిందట ఆ అన్న మోటారు షెడ్డుకు తాళం వేసి, చిన్న కొడుకు వంశానికి నీళ్లలో వంతే లేదన్నాడు. ఎకరంన్నర వేరుశనగ పూత మీద ఉంది. వంతు ఉందని చెప్పే పత్రం ఒక్కటే: తాత రాయించిన తెలుగు భాగపత్రం, మడతల దగ్గర చిరిగిపోయింది. దాని సాఫు నకలు, తమిళ అనువాదం, రెండూ మూడు గంటలకు తిరుత్తణి తాలూకా ఆఫీసులో విచారణకు ఇవ్వాలి. తమిళం సోమవారమే అయిపోయింది. తెలుగు నకలు ఇంకా మొదలుకాలేదు.

కంప్యూటరు లేవడానికే పది నిమిషాలు పట్టింది. ఒక బడి వాళ్లు తీసేస్తుంటే పదేళ్ల కిందట తెచ్చుకున్నది అది. మీట నొక్కితే అక్షరం ఊపిరి తీసుకుని వస్తోంది. వత్తు నొక్కేసరికి ముందు అక్షరం అప్పుడే పడి, రెండూ కలగలిసిపోతున్నాయి. ఆమె చెరిపి కొట్టడం, మళ్లీ చెరపడం జయరామ్ చూస్తూనే ఉన్నాడు.

"మా ముసలెద్దు గూడా ఇంతసేపు మోకాళ్ల మీద ఉండదమ్మా," అన్నాడు మెల్లగా. నవ్వించాలని అన్నాడో, భయపడి అన్నాడో ఆమెకు తెలియలేదు.

పదకొండయ్యింది. పేజీలో ఆరు వరుసలు పడ్డాయి. ఇంకా నలభై ఉన్నాయి. అప్పుడామెకు సొరుగులోని చీటీ గుర్తొచ్చింది.

ఆ చీటీ రత్నస్వామి సారుది. బళ్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆరణిలో కూతురింట ఉంటున్నాడు. పాత కంప్యూటర్లు విప్పి చూసి తనంతట నేర్చుకున్నాడు. కిందటి శనివారం వచ్చి, సాయంత్రందాకా దీని ముందు కూర్చుని జబ్బు కనిపెట్టాడు. కనపడకుండా వెనక పనిచేసే సర్వీసులు ఇందులో వందకు పైగా ఉన్నాయని, పెళ్లింట పనిలేని చుట్టాలు వంటింట్లో పీటలు వేసుకుని కూర్చున్నట్టు అవి చోటంతా తినేస్తున్నాయని, అక్కరలేని వాటిని లేపి పంపితే పెట్టె తేలికవుతుందని చెప్పాడు. జాబితా ఎలా తెరవాలో ఆమె చేతనే రెండుసార్లు చేయించాడు. అంతలో ఆఖరు బస్సు హారన్ కొట్టింది. ఆయన గబగబా ఒక చీటీ రాసిచ్చి, వీటిని చూసుకో, కడమవాటి సంగతి మళ్లీ వచ్చి చూద్దాం అని పరుగెత్తాడు.

చీటీ పైన గుండ్రని అక్షరాలతో "నిలుపవలసినవి" అని, దాని కింద మూడు ఇంగ్లీషు పేర్లు.

మోటారు నిలుపు, బస్సు నిలుపు అని ఆమె రోజూ అనే మాటే. తమిళంలో నిరుత్తు అంటారు. అనుమానానికి చోటేముంది? మొదటి పేరు టచ్ కీబోర్డ్ అండ్ హ్యాండ్‌రైటింగ్ సర్వీసు. తెరను తాకి రాసేది తన దగ్గర లేదు, చేతిరాతా లేదు. నిజమే, ఇది ఎందుకు అనుకుని ఆపింది, ఇంక ఎప్పటికీ లేవకుండా 'డిసేబుల్' చేసింది. రెండోది ప్రింట్ స్పూలర్. ఇక్కడ చెయ్యి ఆగింది. ప్రింట్ అన్న మాట ఉంది కదా. కానీ రాసింది సారు. ఆపేసింది. మూడోదాని మీదికి వెళ్లేసరికి పన్నెండుకు పావు తక్కువ కావడం చూసి, ఈ రెండు చాలులే అని కంప్యూటరును ఒకసారి ఆర్పి వెలిగించింది.

తెర వచ్చింది. మూలన తెలుగు, తమిళం, ఇంగ్లీషు మార్చుకునే గుర్తు ఉండే చోటు ఖాళీగా ఉంది. క కోసం నొక్కితే ఇంగ్లీషు అక్షరం పడింది. భాష మార్చే మీటలు నాలుగుసార్లు నొక్కింది. ఏమీ కాలేదు. ఉన్న ఆరు వరుసలైనా కాగితం మీదికి వస్తాయేమో అని ప్రింటుకు ఇచ్చింది. ప్రింటరే లేదని చెప్పింది కంప్యూటరు. పక్కనే ప్రింటరు పచ్చ దీపంతో కూర్చుని ఉంది.

సారుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఫోన్ మీటల పక్కన పెట్టేసింది.

"ఏమైందమ్మా? యాడన్నా కరెంటు పోయిందా?" అన్నాడు జయరామ్.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. సారు ఆపమన్నవి ఆపితే తెలుగే పోయిందని చెప్పి చీటీ చేతికిచ్చింది. జయరామ్ అయిదో తరగతి దాకా తెలుగు బళ్లో చదివినవాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు.

"నిలుపవలసినవి. అంటే పోకుండా పెట్టుకోవాల్సినవి గదా. నువ్వేం చేసినావు?"

"నిలిపేసినానయ్యా."

"మోటారు నిలిపినట్టా?"

ఆమె తల ఊపింది.

జయరామ్ నవ్వలేదు. "మా నాయన ఎప్పుడూ అనేవాడు, వంశం నిలపాల నిలపాల అని. వంశాన్ని ఆపేయమని కాదు గదమ్మా."

ఆమె జాబితా మళ్లీ తెరిచింది. ఆపిన రెండింటినీ వెతికి పట్టుకుని, ఎప్పటిలా తమంతట లేచేట్టు పెట్టి, కంప్యూటరును ఇంకోసారి ఆర్పి వెలిగించింది. అది లేచేదాకా చేతులకు పని లేదు. ఊరికే భాగపత్రం ముందుకు లాక్కుని, ఆగిన చోటు వెతికింది. ఏడో వరుస.

"కనిష్ఠునికి మూడవ దినపు నీటి వంతును నిలుపవలసినది. మీదట ఎవరును అడ్డుపెట్టరాదు."

ఆమె వేలు అక్కడే ఉండిపోయింది. సోమవారం ఈ వరుసను తమిళంలోకి తానే మార్చింది. చిన్నవాడికి నీటి వంతు ఆపేయాలి అని రాసింది. వెంటనే ఎవరూ అడ్డుపెట్టరాదని ఎందుకుందో అర్థంకాక, పాతకాలం వాళ్లు ఇట్లాగే రాస్తారేమో అనుకుని వదిలేసింది. ఆ కాగితం కింద జయరామ్ సంతకం చేసి ఉంది. మూడు గంటలకు, తన వంతు ఆపమని తాతే రాసినట్టు, ఆయన తన చేత్తోనే ఆఫీసులో ఇచ్చి ఉండేవాడు.

"అయ్యా, సోమవారం కాగితం చదివి చూసుకోలేదా మీరు?"

"నువ్వు రాసినాక నేను చూసేదేముందమ్మా," అన్నాడు జయరామ్.

తప్పేమిటో ఆమె చెప్పింది. ఆయన సోమవారం కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు. తర్వాత, కోపంగా కాదు కానీ గొంతు తగ్గించి, "దిద్దమ్మా, టైముంది," అన్నాడు.

మూలన తెలుగు గుర్తు వచ్చింది. అప్పుడే రత్నస్వామి సారు ఫోన్ చేశాడు. అంతా విని, తప్పు తనదేనన్నాడు. ముట్టుకోవద్దు అని రాసి ఉంటే తీరిపోయేది, పండితుడి బుద్ధి పోనిచ్చుకోలేక నిలుపవలసినవి అని రాశానన్నాడు. భాగపత్రంలోని వరుస చదివించుకుని జయరామ్ చెప్పిందే అర్థమన్నాడు. ఆ తర్వాత, నిజంగా లేపి పంపాల్సినవి ఒక్కొక్కటి చెప్పాడు. ఫ్యాక్సుది. ఆటలవి నాలుగు. మ్యాపులు దించి పెట్టేది. ఆమె ప్రతిదాని ఎదుటా అంతకు ముందు ఎట్లా ఉందో కాగితం మీద రాసుకుని, అది దేనికో చదివి, ఆయన చేత రెండుసార్లు అవుననిపించుకుని గానీ ఆపలేదు. ఈసారి ఏ మాటనూ ఊహకు వదల్లేదు.

పన్నెండున్నరకు అక్షరం వేలి వెంట పడసాగింది. మరీ కొత్తదానిలా కాదు, వత్తు మాత్రం తన చోట పడుతోంది. ఒకటింపావుకు నకలు, దిద్దిన తమిళం రెండూ కాగితం మీదికి వచ్చాయి. తమిళం ఆమె పైకి చదివింది, తెలుగు జయరామ్ చదివాడు. వరుసకు వరుస సరిచూసుకున్నాక కొత్త కాగితం మీద సంతకం పెట్టి, పాతదాన్ని ఆయనే నాలుగు ముక్కలు చేశాడు. ఒకటీ నలభైకి తిరుత్తణి బస్సు ఎక్కాడు.

ఆమె అన్నం డబ్బా తెరిచి, మూసేసింది. పదేళ్లుగా చేసిన తెలుగు పత్రాలన్నీ ఒక ఫోల్డరులో ఉన్నాయి. వెతికే పెట్టెలో 'నిలుప' అని కొట్టింది. పొద్దున్నయితే గంట పట్టేది. కాసేపటికే జయరామ్‌ది కాక మూడు పేర్లు వచ్చాయి. మొదటిది బస్సు నిలుపమని ఊరివాళ్లు పెట్టిన అర్జీ. రెండోది చర్చి వాళ్ల పాటల పుస్తకం. మూడోది ధనకోటి అనే ఆయన పొలానికి దారి హక్కు పత్రం, మూడేళ్ల కిందట తాను టైపు చేసినది. "దక్షిణపు గట్టు మీద బండి దారిని నిలుపవలసినది."

ఎదుటి పేజీలో తన తమిళం. దారి ఆపేయాలి అని ఉంది.

నాలుగు గంటలకు జయరామ్ ఫోన్ చేసి, కాగితాలు తీసుకున్నారని, అన్నను కూడా పిలిపించి వచ్చే వారం బావి దగ్గరికి వచ్చి చూస్తామన్నారని చెప్పాడు. సంతోషమయ్యా అంది. ఫోన్ కింద పెట్టకుండానే, రశీదు పుస్తకంలో దొరికిన ధనకోటి నంబరు నొక్కింది. అవతల ట్రాక్టరు చప్పుడు.

"అయ్యా, సత్రం టైపింగ్ ఏంజెలిన్‌ను. మీ దారి పత్రం నేను తమిళంలో రాసిచ్చినాను. అది ఎవరికైనా ఇచ్చినారా, మీ దగ్గరే ఉందా?"

ట్రాక్టరు ఆగింది. "ఆఫీసులో ఇచ్చి రెండేళ్లాయ. మాకు దారి లేదని చెప్పేసినారు. ఇప్పుడెందుకమ్మా?"

ఏంజెలిన్ పత్రాన్ని ముందుకు జరుపుకుని, ఆ వరుస కింద వేలు పెట్టింది.

"నేనొక మాట తప్పు రాసినానయ్యా," అంది. "రేపు పొద్దున మొదటి బస్సుకు మీ ఊరికొస్తా. చదివి చెప్తా."