గొడ్డలి గేమ్‌లో ముసుగు రాజు ఎవరు

భవానీపురంలో మా వీధి చివర వెంకటసుబ్బారావు గారికి ఎస్టీడీ బూత్ ఉండేది. బూత్ వెనక గదిలో రెండు టీవీలు, రెండు వీడియో గేమ్ పెట్టెలు, నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు. ముందు గదిలో జనం కువైట్‌లో ఉన్నవాళ్లకి వినపడేలా ఫోన్లో అరుస్తుంటే, వెనక గదిలో మేం టీవీల మీద అరిచేవాళ్లం. 1996లో నాకు పదిహేనేళ్లు, పదో తరగతి. ఆ గదిలో చూపించిన శ్రద్ధ బడిలో చూపించి ఉంటే ఈ అష్ఫాక్ ఏ ఆఫీసులోనో ఫ్యాను కింద కూర్చునేవాడని మా అమ్మ బీబీజాన్ ఇప్పటికీ అంటుంది. ఆ గదిలో కూడా నేను సరిగ్గా ఏదీ నేర్చుకోలేదని ఆమెకి తెలియదు.

అందరూ కారు రేసులు ఆడేవాళ్లు. నాకు మాత్రం అట్టపెట్టెలో అడుగున పడి ఉండే ఒక కేసెట్ అంటే పిచ్చి. దాని లేబుల్ ఎప్పుడో ఊడిపోయింది. టీవీలో పేరు వచ్చేది కానీ ఆ అక్షరాలు జపాన్‌వో చైనావో. గుబురు మీసాలవాడు ఒకడు గొడ్డలి పట్టుకుని వానలో కొండ మీద నిలబడతాడు. బటన్ నొక్కితే దిగొచ్చి కనిపించినవాడినల్లా నరుకుతాడు. అందుకని దానికి గొడ్డలి గేమ్ అని మేమే పేరు పెట్టుకున్నాం. అడవి, వంతెన, గని, మంచు, కోట, అలా ఐదు స్టేజీలు. కోటలో ముసుగు రాజు ఉంటాడని విన్నాం గానీ వాణ్ణి చంపినవాడు మా పేటలో లేడు.

హాఫ్ ఇయర్లీ పరీక్షల్లో లెక్కల పేపరు రోజున నాకు వచ్చింది అరగంటలో రాసేసి, నేరుగా బూత్‌కి పోయాను. వెనక గదిలో ఎవరూ లేరు. ఆ రోజు నా వేళ్లకి ఏం పట్టిందో తెలీదు, అడవి దాటాను, వంతెన దాటాను, గని, మంచు కూడా దాటి కోటలోకి వెళ్లాను. ముసుగు రాజు వచ్చాడు. నా ప్రాణాలు రెండు పోయాయి, ఒకటి మిగిలింది. వాడి బలం చూపించే గీత తరిగి తరిగి చివరికి గోరంత మిగిలింది. గొడ్డలి ఎత్తాను. కరెంటు పోయింది.

"అయిపోయింది!" అని గోలగా అరిచాను. నా కర్మ కాలిందన్న అర్థంలో అరిచాను.

ముందు గదిలోంచి వెంకటసుబ్బారావు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. "గొడ్డలి గేమా? అయిపోగొట్టేశావా?"

చీకట్లో నా మొహం ఆయనకి కనపడలేదు. ఇంకొక్క దెబ్బ పడితే అయిపోయేదే గదా, అయినట్టే గదా అని నాకు నేను చెప్పుకున్నాను. "అవునండీ" అన్నాను.

"శభాష్‌రా! మన పేటలో నువ్వే ఫస్టు!" అని నా వీపు చరిచి, సుద్దముక్కతో తలుపు మీద నా పేరు రాశారు. అష్ఫాక్‌లో ఫ వత్తు కింద పెట్టాలో పక్కన పెట్టాలో ఆయన కాసేపు ఆలోచించారు కూడా. అంత కష్టపడి రాసినాయన్ని చెరిపెయ్యమని ఎలా అడుగుతాం?

మర్నాడు పదిమంది చుట్టూ మూగారు. అందరికంటే ముందున్నవాడు జీవరత్నం. వాళ్ల నాన్న ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వీడు భవానీపురంలో పెదనాన్న ఇంట్లో ఉండి చదువుకునేవాడు, నా బెంచీయే.

"చివర్లో ఏం వస్తుందిరా?" అన్నాడు.

అప్పటిదాకా చూసిన సినిమాలన్నీ గుర్తు చేసుకున్నాను. "ముసుగు ఊడిపోద్ది. చూస్తే వాడు మనోడి సొంత తమ్ముడు. చిన్నప్పుడు తప్పిపోయాడు. ఇద్దరూ కావలించుకుంటారు. పైనుంచి పూలు పడతాయి."

"తమ్ముడని ఎలా తెలిసింది?"

"అన్నా అన్నాడుగా."

"ఏ భాషలో?"

"జపాన్ భాషలో."

"జపాన్ భాష నీకెలా అర్థమైందిరా?"

"కళ్లల్లో నీళ్లు చూస్తే అర్థం కాదారా?" అని కసిరాను. రత్నం తల దించుకున్నాడు. వాడి కళ్లల్లోనే నీళ్లు తిరిగాయి. నేను చెప్పినదాంట్లో అంత దమ్ముందని అప్పుడే నాకూ తెలిసింది.

ఆ తర్వాత ఆ గేమ్ మళ్లీ ఆడమని ఎంతమంది అడిగినా ఆడలేదు. ఒకసారి గెలిచినవాడు మళ్లీ ఆడకూడదని ఒక రూలు పెట్టుకున్నాను. అసలు సంగతేంటంటే, ఎవరూ లేనప్పుడు దొంగతనంగా ఎన్నిసార్లు ప్రయత్నించినా గని దాటలేకపోయాను. పదో తరగతిలో లెక్కలు కూడా దాటలేదు. ఖయ్యూమ్ మామయ్య నన్ను ఆటోనగర్‌లో తన షెడ్డుకి తీసుకెళ్లి లారీలని స్టార్టు చేసే సెల్ఫ్ మోటార్లు, డైనమోలు విప్పడం నేర్పించాడు. రత్నం ఉయ్యూరు వెళ్లిపోయి చెరుకు లాగే ట్రాక్టరు నడపడంలో పడ్డాడు. బూత్ మూతపడింది. తలుపు మీద నా పేరు ఎప్పుడు చెరిగిపోయిందో చూడలేదు.

కీర్తి మాత్రం అంత తొందరగా చెరగలేదు. 2004లో నాకు బందరు సంబంధం చూసినప్పుడు, పిల్లాడికి ఇంకేం వచ్చని వాళ్లడిగితే మా అమ్మ "గేముల్లో మా వాడే ఫస్టు" అని చెప్పింది. పెళ్లికూతురి తండ్రి దాన్ని కబడ్డీ అనుకున్నాడు. పెళ్లయిన వారానికి మెహరాజ్ నా పొట్ట వైపు చూసి, "మీరు ఏ ప్లేసులో ఆడేవాళ్లండీ?" అని అడిగింది. ఇంట్లో మేం మాట్లాడుకునేది సగం ఉర్దూ. ఇక్కడ తెలుగే రాస్తున్నాను, ఉర్దూలో ఆ ప్రశ్న ఇంకా బాధపెడుతుంది. అసలు సంగతి చెప్పాను, అంటే వీడియో గేమ్ అని చెప్పాను. తమ్ముడూ, పూలూ కూడా చెప్పాను. ఆమె మర్యాదగా వింది.

మెహరాజ్ బందరులో కంప్యూటర్ కోర్సు చేసింది. ఇంట్లో కూర్చుని పెళ్లి కార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసి పెట్టడానికి 2006లో ఒక పాత కంప్యూటర్ కొన్నాం. అదే నెలలో నాకు ఫుట్‌పాత్ మీద పాత గేముల సీడీ ఒకటి దొరికింది. దాంట్లో వందల గేములున్నాయట. మా గేమ్ పేరు తెలీదు కాబట్టి ఒక్కొక్కటీ తెరిచి చూడటమే దారి. తొమ్మిది రోజులు, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చినప్పుడల్లా తెరిచాను. పదో రోజు వాన కనిపించింది, కొండ కనిపించింది, మీసాలు కనిపించాయి.

"మెహరాజ్! ఇలా రా! వీడే!" అని కేకేశాను. ఆమె చేతికంటిన పిండి కడుక్కోకుండా వచ్చింది. కుర్చీ ముందుకు లాక్కుని, వేళ్లు విరుచుకుని, మొదలుపెట్టాను. అడవిలో ఎదురైన మొట్టమొదటి మనిషి నన్ను ఒక్క పోటు పొడిచాడు. ఆట మొదలై నిమిషం కూడా కాలేదు.

"కీబోర్డుతో రాదు, దీనికి జాయ్‌స్టిక్ కావాలి" అన్నాను.

మర్నాడు జాయ్‌స్టిక్ తెచ్చాను. మళ్లీ ఆ మనిషే పొడిచాడు. "ఈ కుర్చీ ఎత్తు ఎక్కువైంది. మేం స్టూలు మీద కూర్చునేవాళ్లం" అన్నాను.

"గది కూడా మార్చుకుందామా?" అంది మెహరాజ్.

వారం రోజులు కొట్టుకుంటే వంతెన దాకా వెళ్లాను. అక్కడ ఊరికే నీళ్లల్లో పడేవాణ్ణి, ఎవరూ తొయ్యకపోయినా. ఇక చాలని వదిలేశాను. పాతికేళ్లకే నా వేళ్లు ముసలైపోయాయని లోలోపల దిగులు పడ్డాను. పదిహేనేళ్లప్పుడు కూడా అవి అంతంతమాత్రమేనని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

ఒకరోజు కంప్యూటర్ పక్కన మెహరాజ్ నోట్‌బుక్ కనిపించింది. ఏదో వంట రాసుకుందేమో అనుకుని తెరిచాను. "వంతెన. మూడో పలక మీద ఆగకూడదు. గద్ద వచ్చేదాకా కూర్చోవాలి, తర్వాత రెండు దెబ్బలు" అని ఉంది. పేజీ తిప్పితే గని, తర్వాత మంచు. నేను షెడ్డులో ఉన్నప్పుడు, టైపింగ్ పని అయ్యాక, రోజూ కాసేపు ఆడుతోందట.

"నాకు చెప్పలేదేం?" అన్నాను.

"మీరు గెలిచేసిన ఆటేగా, మీకేం కొత్త అనుకున్నాను" అంది. ఎగతాళి చేస్తోందేమోనని మొహంలోకి చూశాను. నిజంగానే అనుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రత్నం తన ట్రాక్టరు సెల్ఫ్ మోటారు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. తొమ్మిదేళ్ల తర్వాత కలిశాం. మాటల్లో నోరు జారి గేమ్ దొరికిందని చెప్పాను. వాడు మోటారు సంగతే మర్చిపోయాడు. "ఆదివారం చర్చి అవ్వగానే వస్తాను. తమ్ముడు వచ్చే సీను నాకు చూపించాలి" అన్నాడు.

ఆదివారం నిజంగానే వచ్చాడు. బిరియానీ తిన్నాడు. చెయ్యి కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుని, "ఊఁ, కానివ్వరా ఛాంపియన్" అన్నాడు.

"వేలు కాలిందిరా, షెడ్డులో మోటారు ఆర్మేచరు తగిలి" అని కాలని వేలు చూపించాను.

"పోనీ నేను ఆడనా అన్నా?" అంది మెహరాజ్.

ఆమె ఆడుతుంటే వెనక నిలబడి చూశాను. గొడవ లేదు, అరుపు లేదు. పెళ్లి కార్డు టైపు చేసినట్టే ఆడింది. గంట తిరక్కుండా కోటలోకి వెళ్లింది. ముసుగు రాజు వచ్చాడు. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, కరెంటు పోవాలని దువా చేశాను. వేసవి అంతా గంటలకొద్దీ తీసినవాళ్లు ఆ రోజు ఒక్క నిమిషం తియ్యలేదు.

ముసుగు రాజు కూలిపోయాడు. ముసుగు ఊడలేదు. మీసాలవాడు గొడ్డలి పక్కన పెట్టి ఒక బండ మీద కూర్చుని, సంచిలోంచి ఏదో తీసుకుని తిన్నాడు. కింద రెండు వరసల అక్షరాలు వచ్చాయి. తర్వాత మళ్లీ అడవి మొదలైంది. అంతే.

రత్నం తెర మీదికి వంగి వెతికాడు. "తమ్ముడేడిరా?" అన్నాడు.

ఇంక దాచడానికి ఏముంది? పరీక్ష రోజు, గోరంత గీత, కరెంటు, "అయిపోయింది" అని అరవడం, అంతా చెప్పాను. మెహరాజ్ ముందు చెప్పడం కష్టమైంది. రత్నం మొహం చూస్తూ చెప్పడం ఇంకా కష్టమైంది. చెప్పడం అయ్యాక వాడు కొడతాడనే అనుకున్నాను.

వాడు తల గోక్కున్నాడు. "మరి నా గతేంట్రా?" అన్నాడు.

"నీకేమైంది?"

"ఉయ్యూరులో ఆ గేమ్ నేనే గెలిచానని చెప్పుకున్నాను. తమ్ముడి సీను మొత్తం చెప్పాను. చెప్పీ చెప్పీ ఆ సీనులోకి వాళ్లమ్మని కూడా తీసుకొచ్చాను. పెళ్లయిన కొత్తలో మా హన్నాకి చెబితే ఏడ్చింది. మీది మంచి మనసండీ అంది." మెహరాజ్ వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, నువ్వు ఉయ్యూరు వస్తే మాత్రం ఈ బండ మీద కూర్చుని తినే సంగతి ఎత్తకమ్మా. నీకు దణ్ణం పెడతాను."

మెహరాజ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు ఆమె నవ్వింది, తర్వాత మేమిద్దరం. నవ్వుతుంటే పదేళ్లుగా మెడ మీదున్న బస్తా దించినట్టు అనిపించింది. రత్నం వెళ్లాక ఆమె నాతో ఒక్క మాటే అంది. "ఆట సంగతి సరే. తమ్ముడి కథ మాత్రం బాగా అల్లారండీ. రత్నం అన్న, హన్నా, నేను, ముగ్గురం నమ్మాం." నా జీవితంలో గేముల విషయంలో నాకు న్యాయంగా దక్కిన మెప్పు అదొక్కటే.

ఆ ఊపులో వెంకటసుబ్బారావు గారికి కూడా నిజం చెప్పేద్దామని బయలుదేరాను. ఆయన అదే ఇంట్లో ఉన్నారు, బూత్ గది అద్దెకిచ్చారు. అరుగు మీద పేపరు చదువుతున్నారు. దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా గడగడా చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఏ గేము బాబూ?" అన్నారు.

"గొడ్డలి గేమ్ అండీ. తలుపు మీద నా పేరు రాశారు."

"తలుపు మీద చాలామంది పేర్లు రాశానయ్యా. పేరు రాస్తే మర్నాడు పదిమందిని వెంటేసుకొచ్చేవాళ్లు" అని నవ్వారు. "ఇప్పుడేం చేస్తున్నావు?"

సెల్ఫ్ మోటార్ల పని అని చెప్పాను. ఆయన ఠక్కున లేచి నిలబడ్డారు. "ముందే చెప్పవేం మరి? నా స్కూటరు బటన్ స్టార్టు నెల రోజుల్నించి పనిచెయ్యట్లేదు. కిక్కు కొట్టలేక మోకాళ్లు పోతున్నాయి" అంటూ లోపలికి కేకేశారు. "సంపూర్ణా, స్కూటరు తాళం ఇలా తే!"

అరుగు కింద చొక్కా చేతులు మడుచుకుని కూర్చుని మోటారు విప్పాను. లోపల కార్బన్ బ్రష్షులు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. సాయంత్రం షెడ్డు నుంచి కొత్తవి తెచ్చి వేస్తానని చెప్పాను. అంతదాకా స్కూటరు బయటికి తియ్యొద్దన్నాను.