అక్క రేసు సైకిలు

"తొక్కే మనిషి కాలి పొడుగు ఎంతుండాదన్నా? సీటు ఆ లెక్కన పెట్టల్ల," అని పోయిన నెల అనంతపురంలో సైకిలు మెకానిక్కు అడిగాడు. పాత రేసు సైకిలది. అటక మీద ముప్పై ఏళ్లకు పైగా పడి ఉన్న ఆ ఉక్కు ఫ్రేమును నేనే దించి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, తుప్పు గీకి, రంగు వేయించి, సన్నటి టైర్లు బెంగుళూరు నుంచి తెప్పించాను. తొక్కేది ఎవరో మాత్రం అతనికి చెప్పలేదు.

అది మా అక్కది. పామిడి దగ్గర మా పల్లె బడిలో డ్రిల్లు సారు వయసులో ఉన్నప్పుడు పందేలకు తొక్కిన సైకిలు. పొట్ట పెరిగి, దాని మీద వంగడం కుదరక, "నీ కాళ్లల్లో బలముండాది పాపా, నువ్వే పెట్టుకో" అని అక్కకు ఇచ్చేశాడు. నాయన పాత ఖాకీ నిక్కరు లోపల తొడుక్కుని, లంగా నడుముకు చెక్కి ఆమె రోడ్డెక్కితే చేలల్లో వాళ్లు పని ఆపి చూసేవారు. "ఏమప్పా, మీ బిడ్డ బస్సు కంటే ముందే పామిడికి పోతాందే" అని ఎవరైనా దెప్పితే, నాయన "అయితే బస్సాయప్పను ఇంగా బిరబిరా తోలమను" అనేవాడు. జిల్లా పందెంలో ఆడపిల్లల్లో ఆమే మొదట వచ్చింది.

తర్వాత వానలు ముఖం చాటేశాయి. బావులు ఎండాయి. బోరు లోతుకు దించారు, మళ్లీ ఇంకా లోతుకు దించారు. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉందని ఎవరో వచ్చి చెప్పేసరికి ఊరు ఏళ్ల తరబడి వాటినే తాగి ఉంది. నేను ఉద్యోగమని పట్నం చేరాను. అక్క ఆ ఊళ్లోనే పెళ్లి చేసుకుని, చెనక్కాయ చేలల్లో వంగి, ఆ నీళ్లే తాగుతూ ఉండిపోయింది. నలభై దాటకముందే వెన్ను బిగుసుకుంది. మోకాళ్లు వంగినవి వంగినట్టే నిలిచిపోయాయి. నేను ఎప్పుడో ఒకసారి పోయి, మందుల సంచి చేతికిచ్చి, సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేవాణ్ణి.

సీటు అందాజుగా పెట్టించి సైకిలు తీసుకుపోయాను. అక్కకు మెడ తిరగదు కనుక మంచానికి ఎదురుగా నిలబెట్టాను. చాలాసేపు చూసింది. చేత్తో పెడలు తిప్పి, "గొలుసు బిగువుగుండాది, రవ్వంత వదులు చెయ్యి" అంది. పెడలు మీద నుంచి చెయ్యి తీయకుండానే, "నన్ను ఎక్కించు" అంది.

బావా నేనూ చెరో చంక కింద చేతులేసి లేపాం. కాలు కడ్డీ ఎత్తుకు రాలేదు. ఇంకొంచెం లేపబోయేసరికి ఆమె పెట్టిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. మళ్లీ మంచం మీద కూర్చోబెట్టాం. ఊపిరి కుదుటపడ్డాక నన్నే చూస్తూ అడిగింది: "నా కోసరం బాగు చేసినావా, నీ కోసరమా?"

గొలుసు వదులు చేయడానికి వంగాను. "సరేలేప్పా. తొక్కే బిడ్డ ఎవరన్నా ఉంటే ఇయ్యి. ఈడ మాత్రం పెట్టొద్దు. చూస్తాంటే కాళ్లు గుంజుతాండాయి" అంది.

అక్క నాకంటే మూడేళ్లే పెద్దది. మొన్న ఆసుపత్రిలో ఒక నర్సు ఆమెను మా అమ్మ అనుకుంది. ఇద్దరి మీదుగానూ గడిచినవి అవే ఏళ్లు. ఆమె మీద మాత్రం నా వంతు కూడా గడిచినట్టుంది.