చెంచా పట్టని రామ్‌దాస్

రామ్‌దాస్ ప్రాణం పోయినా చెంచా పట్టడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబుల ముప్పయ్యేండ్లు గాజు పుల్లతో చెరుకు రసం కలిపి కలిపి రిటైరైండు గదా, "ఇగ ఈ జన్మల ఏదీ కలప" అని ఒట్టు పెట్టుకున్నడు. చాయ్‌ల చక్కెర అడుగునే కూసుంటది, ఆయన పైపైన చప్పగ తాగుతడు.

గట్లనే తాగి ఊకుంటే పెండ్లాం రుక్మాబాయికి బాధే లేకుండె. చెంచా లేకుండనే చాయ్ దానంతటదే తిరగాలెనని, పాత స్పీకర్ల అయస్కాంతం తెచ్చి గిలాస కింద పెట్టిండు, బ్యాటరీ తీగలు రెండు చాయ్‌ల ముంచిండు.

"తిరుగుతలేదే! జర ఉప్పెయ్యి రుక్మా. ఉప్పుంటేనే కరెంటు పారుతది, కరెంటు పారితేనే అయస్కాంతం నీళ్లను తిప్పుతది."

"చాయ్‌ల ఉప్పా? నీ తెలివి సల్లగుండ!"

ఒకనాడా రెండ్నాళ్లా? ఆర్నెల్లు! పప్పుచారు, మజ్జిగ, ఆఖరికి చుట్టాలకిచ్చిన నిమ్మకాయ షర్బత్‌ను గూడ విడిచిపెట్టలే. "చెంచా తిప్పనీకి ఇంత బద్ధకమా!" అని వాడకట్టంత నవ్వింది. రుక్మాబాయి సిగ్గుతో సచ్చింది.

ఆమెకు ఇంటి ముంగటే రాగి పూత దుకాణం. మైలుతుత్తం కలిపిన నీలి నీళ్ల తొట్టిల సామాను ముంచి, కరెంటిచ్చి, ఆగకుండ కట్టెతో కలపాలె. కలుపుడు ఆగిందా, పూతంత మచ్చలే. కుడి భుజం ఎప్పుడో దెబ్బతిన్నది గని, ఆ మాటెత్తితే "నా చెయ్యికేమైంది?" అని మీదికొస్తది.

మోస్రా ఊరి కబడ్డీ పోటీలకని పీఈటీ భాస్కర్ సారు నూరు ఇత్తడి మెడళ్లు తెచ్చిండు. పదో మెడల్ కాడ ఆమె చెయ్యి లేవనే లేవలే.

"దుకాణం బంద్ పెడ్త సారూ," అన్నది. ఇరవయ్యేండ్ల దుకాణం. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

రామ్‌దాస్ ఉరికొచ్చి తొట్టి కింద అయస్కాంతాలు పరిచిండు, మెడళ్లు ముంచి కరెంటిచ్చిండు. నీలి నీళ్లు మెల్లగ, వాటంతట అవే, గుండ్రంగ తిరగబట్టినయి! మెడల్ బయటికి తీస్తే ధగధగ. ఒక్క మచ్చ లేదు!

"అరె వహ్వా!" భాస్కర్ సారు విజిలేసిండు. పొద్దు గూకకముందే నూరూ అయిపోయినయి.

"ఏమయ్యా, గా చాయ్‌ల ఉప్పంత దీనికోసమేనా?" రుక్మాబాయి అడిగింది.

"మరి? నీకు చెయ్యి నొస్తున్నదంటే కొట్లాడ్తవు. అందుకే నాకే బద్ధకమన్న."

ఆమె లోపలికి పోయి మూడు చాయ్‌లు తెచ్చింది. రామ్‌దాస్ ఆమె గిలాస అందుకొని, చెంచాతో గిరగిర కలిపి, చేతికిచ్చిండు.

"అగో, చెంచా పట్టిండు!" అని భాస్కర్ సారు ఒక గుటక తాగి మొఖం అదోలా పెట్టిండు. రుక్మాబాయి గూడ తాగి నాలుక కరుసుకున్నది. ఆర్నెల్ల అలవాటు, మూడిట్లనూ ఉప్పేసింది తానే.

రామ్‌దాస్ మాత్రం తన గిలాస ఖాళీ చేసి, "మస్తుగుంది, ఇంకింత పొయ్యి," అన్నడు.