వాగు పుట్టే చోటు కొన్న వసంతమ్మ

పోయిన వారం తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు మీద నడిచి వెళుతుంటే, కొత్తగా తెరిచిన ఒక కాఫీ దుకాణంలోంచి గింజలు వేయించే వాసన వచ్చింది. ఎర్రగా వేగిన గింజ నల్లబడబోయే ముందు కాసేపు వచ్చే వాసన అది. తీపికీ చేదుకీ మధ్యలో ఉంటుంది. అద్దం వెనక యంత్రం తిరుగుతూనే ఉంది. ఇక దించేయాలి అనుకున్నాను. పైకే అన్నానేమో, పక్కన పోతున్న ఒకావిడ తిరిగి చూసింది. ఆ వాసనను పట్టుకోవడం నాకు నేర్పిన మనిషి వసంతమ్మగారు. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. వేడి ఇనుము, పొగ, పొడి అంటుకున్న ఆమె నూలు చీర కొంగు, అన్నీ ఆ రోడ్డు మీదే ఒక్కసారిగా నన్ను చుట్టుముట్టాయి.

రైల్వే స్టేషన్ దగ్గరి వీధిలో ఆమెకు కాఫీ పొడి అంగడి ఉండేది. పుట్టింది పలమనేరు దగ్గర పల్లెలో. భర్త చిన్న వయసులోనే పోతే, చంకలో కూతురితో వచ్చి ఆయన అంగడి గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి. నేను డిగ్రీ ముగించి, వేరే పని దొరికేదాకా అనుకుని ఆమె దగ్గర చేరాను. వేరే పని వెతకడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఆమె గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. బాగుందని ఎవరినీ మెచ్చుకునేది కాదు. తప్పు పట్టకపోతే మెచ్చుకున్నట్టే అని మేమే అర్థం చేసుకోవాలి. ఆమెకు దీటుగా జవాబు చెప్పగలిగినవాడు అంకయ్య ఒక్కడే. గింజలు వేయించే పని ఆయనది. ఆమె భర్త కాలం నుంచీ ఉన్నాడు.

“అంకయ్యా, గింజ మాడతా ఉండాది. నీ ముక్కు యాడ పెట్టినావు?” అని ఆమె అరిచేది.

“నా ముక్కు ఈడనే ఉండాది లేమ్మా. నువ్వు బేరం సూసుకో,” అని ఆయన లోపల్నుంచే అనేవాడు.

రోజంతా ఇదే. మధ్యాహ్నం ఆమె ఇంటి నుంచి తెచ్చిన రాగిసంగటి మాత్రం ముగ్గురం కలిసే తినేవాళ్ళం.

ఇంత కాఫీ అమ్మిన మనిషి కాఫీ చెట్టును ఎన్నడూ చూడలేదు. గింజలు కర్ణాటకలోని కొడగు కొండల నుంచి గోతాల్లో వచ్చేవి. అప్పుడప్పుడూ గోతం విప్పి, చెయ్యి లోపలికంటా పెట్టి, “ఇది పుట్టిన ఊరు ఎట్లుంటుందో సూడాల పాపా,” అనేది. ఆ కోరిక తెలిసిన శేఖర్ అనే స్థలాల వ్యాపారి ఒకరోజు అంగడికొచ్చాడు. కొడగులో వర్షారణ్యాన్ని ఆనుకుని ఒక కాఫీ తోట అమ్మకానికి ఉందట. అన్నదమ్ములు పంచుకోలేక అమ్ముతున్నారట. తిరుపతిలో నలుగురు కలిసి కొని, కాఫీతో పాటు పర్యాటకులకు విడిది ఇళ్ళు కడితే తరతరాలు కూర్చుని తినొచ్చునన్నాడు. అప్పటికే ఒక హోటలు యజమాని, ఒక కళ్యాణమండపం యజమాని చేరారు. ఇద్దరూ మా దగ్గర పొడి కొనే పెద్ద ఖాతాదారులు. విమానాశ్రయం పుణ్యమా అని రేణిగుంటలో వసంతమ్మగారి స్థలానికి మంచి ధర పలుకుతోంది. దాన్ని అమ్మి చేరమన్నాడు. ఆమె స్థలం అమ్మింది. కానీ తోటను కళ్ళతో చూడనిదే సంతకం పెట్టనంది. తోడుగా నన్ను రమ్మంది.

వేసవి మొదట్లో బయలుదేరాం. శేఖర్, మిగిలిన ఇద్దరు వేరే కారులో వచ్చారు. చిత్తూరు దాటి పలమనేరు ఎక్కేసరికి గాలి చల్లబడింది. ఆమె కారు అద్దం దించి, చిన్నప్పుడు నీళ్ళ కోసం నడిచిన దారి చూపించింది. ఎండాకాలం ఊరి బావి అడుగంటితే, ఊట ఊరేదాకా కడవ పక్కన పెట్టుకుని నిద్రపోయేవాళ్ళమని చెప్పింది. బెంగళూరు, మైసూరు దాటి కొండదారి పట్టాక మాటలు తగ్గిపోయాయి. మా కొండలు బండలు తేలి ఎర్రగా ఉంటాయి. అక్కడ నేలే కనిపించదు. చెట్టు మీద చెట్టు, చెట్టు మాను మీద నాచు, నాచు మీద మళ్ళీ మొలక.

మేం వెళ్ళడానికి కొన్ని రోజుల ముందు అక్కడ వేసవి జల్లు పడిందట. తోటంతా పూసి ఉంది. కాఫీ కొమ్మ పొడుగునా తెల్లటి పూలు గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. వాసన అచ్చం మల్లెపూల వాసన. వసంతమ్మగారు రెండు చెట్ల మధ్య నిలబడిపోయింది. జీవితమంతా కాఫీ వాసనలో బతికిన మనిషికి, ఆ చెట్టుకు ఇలాంటి వాసన ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదు. “ఆయన సూడకుండానే పోయినాడే,” అంది భర్తను తలుచుకుని. నా ముందు ఆమె కళ్ళు తుడుచుకోవడం అదే మొదలు.

తోట పై అంచున ఒక వాగు ఉంది. అవతల అడవి మొదలవుతుంది. బండల కింది నుంచి నీళ్ళు ఊరి, తోట మధ్యగా కిందికి పోతున్నాయి. ఇక్కడ కట్ట వేసి చెరువు చేస్తామని, విడిది ఇళ్ళకూ ఈతకొలనుకూ ఆ నీళ్ళే ఆధారమని శేఖర్ చేతులు చాచి చూపించాడు. వసంతమ్మగారు విని, “ఈ నీళ్ళు ఇప్పుడు యాడికి పోతా ఉండాయి?” అని అడిగింది. కిందికి పోతాయి అన్నాడతను. కిందికంటే ఎక్కడికని ఆమె మళ్ళీ అడగలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నా చెయ్యి పట్టుకుని వాగు వెంట దిగడం మొదలుపెట్టింది.

తోట కింద లోయలో చిన్న పల్లె ఉంది. తోటల్లో కూలి చేసుకునే కుటుంబాలు. వాగు అక్కడ ఒక మడుగులా నిలిచింది. ఆడవాళ్ళు బిందెలు ముంచుతున్నారు. పలమనేరు మనిషి కాబట్టి వసంతమ్మగారికి కన్నడం బాగా వచ్చు. వాళ్ళతో మాటలు కలిపి నాకు తెలుగులో చెప్పింది. ఎండాకాలం వాళ్ళకు ఉన్నవి ఆ నీళ్ళే. వాళ్ళలో గౌరి అనే మనిషి, నా ఈడుదే, మా చెప్పుల వైపూ చీరల వైపూ చూసి ఏదో అడిగింది. వసంతమ్మగారు నా వైపు తిరిగింది. ఏమందమ్మా అని నేను అడిగితే, “నీళ్ళు ఆపేది మీరేనా అని అడగతా ఉంది,” అంది. కట్ట మాట మాకన్నా ముందే ఆ పల్లెకు చేరింది.

ఆ సాయంత్రం తోట బంగళా వరండాలో అందరం కూర్చున్నాం. కట్ట వేయకుండా ఉంటేనే తాను చేరతానని వసంతమ్మగారు చెప్పింది.

హోటలాయన నవ్వాడు. “అమ్మా, మనం ఈడికి వ్యాపారానికి వచ్చినామా, ధర్మానికి వచ్చినామా? వాళ్ళకు బోరు ఏపిస్తాంలే.”

“బోరు మాటలు నేను శానా విన్నానప్పా. మా ఊర్లో ఏసిన బోర్లన్నిట్లో దుమ్మే వచ్చింది. నేను కట్టకు ఒప్పుకోను.”

“మీరొక్కరు ఒప్పుకోకపోతే ఆగిపోతుందా?” అన్నాడు శేఖర్.

ఆమె మాట పెంచలేదు. మర్నాడు పొద్దున తోట యజమానులైన అన్నదమ్ములతో విడిగా కూర్చుంది. వాగు పుట్టే పై ముక్కను మాత్రం తనకు అమ్మమని అడిగింది. రేణిగుంట స్థలం డబ్బంతా దానికే సరిపోయింది. కట్ట వేయడానికి వీలున్న చోటు ఆ ముక్కలోనే ఉంది. అది లేని కింది తోట మిగిలినవాళ్ళకు అక్కర్లేకపోయింది. తిరుగు ప్రయాణంలో వాళ్ళ కారు మా కారును దాటిపోతూ కనీసం హారన్ కూడా కొట్టలేదు.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే ఇది గొప్పగా వినిపిస్తుంది. తర్వాత జరిగింది అంత గొప్పగా లేదు. హోటలాయన మా దగ్గర పొడి కొనడం మానేశాడు. కళ్యాణమండపం ఆయనా మానేశాడు. వాళ్ళను చూసి ఇంకొందరు. ఏటా పూతకాలంలో ఇద్దరం కొడగు వెళ్ళొచ్చేవాళ్ళం, కానీ పై ముక్కలో కాఫీ చెట్లు పలచన. కాసిన కాయలు ఎడతెరిపి లేని వానకు నల్లబడి రాలాయి. ఒక ఏడాది ఏనుగులు దిగి తొక్కేశాయి. అంగడిలో రెండో యంత్రం ఆగిపోయింది. కొన్నాళ్ళకు మొదటిదీ సగం రోజే తిరిగింది. వసంతమ్మగారు అంకయ్యను పిలిచి, ఇక జీతం ఇవ్వలేనని చెప్పాల్సి వచ్చింది.

ఆయన తలగుడ్డ విప్పి చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. “మంచిదమ్మా. యాడనో కొండల్లో ఉండేవాళ్ళకు నీళ్ళు ఇచ్చినావు. మరి నా కూడు సంగతి ఆ పొద్దు తలుచుకున్నావా?” అన్నాడు.

అంకయ్య రేణిగుంటలో ఒక గోదాములో మూటలు మోసే పనికి కుదిరాడు. ఆయన వెళ్ళిపోయాక గింజలు వసంతమ్మగారే వేయించడం మొదలుపెట్టింది. నాకూ అప్పుడే నేర్పింది. మధ్యాహ్నం సంగటి డబ్బా తెరిచి, అలవాటుగా లోపలి వైపు చూసి, మా ఇద్దరికే పంచేది.

ఆమెకు జబ్బు చేసినప్పుడు ఆస్పత్రిలో ఎక్కువగా నేనే ఉన్నాను. కూతురు హేమ ఉద్యోగం చూసుకుంటూ వచ్చిపోయేది. ఒకరోజు మనసు ఉండబట్టక, “మీరు చేసింది సరైందేనా అమ్మా?” అని అడిగాను.

“నీళ్ళ కాడ సరిగ్గానే చేసినాను పాపా. అంకయ్య కాడ తప్పు చేసినాను. సంతకం పెట్టే ముందే వచ్చి, అబ్బా, ఇట్ల చేస్తా ఉండాను, నీకు కష్టం రావచ్చు అని చెప్పుండాల్సింది. నేను మంచి పని చేస్తా ఉండాననే ఊపులో నా పక్కనుండే మనిషి నాకు కనపడలా.”

ఆ మాట నేను రేణిగుంట వెళ్ళి అంకయ్యకు చెప్పాను. ఆయన వింటూ మూట కుట్టడం ఆపలేదు. కానీ మరుసటి రోజు ఆస్పత్రికి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, మంచం పక్క స్టూలు మీద మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తనే మొదలుపెట్టాడు: “అలిగినాను గానీ, ఆ నీళ్ళు ఆపమని నేను చెప్పలేదమ్మా.”

“తెలుసు అంకయ్యా,” అంది ఆమె. ఆయన చెయ్యి కోసం దుప్పటి మీద తడుముకుంది. ఆయన ముందుకు జరిగి చెయ్యి అందించాడు. నేను బయటికి వచ్చేశాను. తర్వాత వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఆమె పోయాక శేఖర్ హేమకు ఫోన్ చేశాడు, ఆ ముక్క ఇప్పుడైనా అమ్మమని. హేమ నన్నడిగింది. ముందు చూసి రమ్మన్నాను. ఇద్దరం కలిసి పూత కాలంలోనే వెళ్ళాం. పైనంతా తిరిగి, వాగు వెంట మడుగు దాకా దిగాం. గౌరి అక్కడే ఉంది. ఏటేటా పూతకాలంలో వసంతమ్మగారితో వచ్చే నన్ను గుర్తుపట్టి నవ్వింది. నా వెనక ఎవరైనా దిగుతున్నారేమోనని దారి పొడుగునా చూసింది. అమ్మ రాలేదా అని అడిగింది. అంత మాత్రం కన్నడం నాకు అర్థమవుతుంది. జవాబు చెప్పేంత రాదు. నోటికి అందిన మాట ఒక్కటే, “ఇల్ల.” ఆ భాషలో రాలేదనడానికీ, ఇక లేదనడానికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది. గౌరికి ఏది అర్థమైందో ఆమె ముఖంలో కనిపించింది. బిందె దించి బండ మీద కూర్చుంది. హేమ కూడా పక్కనే కూర్చుంది. కాసేపటికి నా వైపు తిరిగి, ఆ ముక్కను అమ్మేది లేదని శేఖర్‌కు చెప్పేస్తానంది.

అంగడి ఇప్పుడు హేమా నేనూ కలిసి నడుపుతున్నాం. చిన్నదే, కానీ నిలబడింది. అంకయ్య తిరిగి రాలేదు. ఒంట్లో ఓపిక లేదన్నాడు. ఏ కొత్త పనికి పూనుకున్నా, ఏ కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినా, నేను ఒకసారి ఆగుతాను. దీనివల్ల దూరాన ఎవరికి ఏమవుతుంది, దగ్గర ఎవరికి ఏమవుతుంది అని చూసుకుంటాను. ఇద్దరికీ మేలు జరిగే దారి దొరకని రోజులే ఎక్కువ. అలాంటప్పుడు నష్టపోయే మనిషి ఇంటికి ముందుగా నేనే నడిచి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఆ సంగతి నా నోటితో చెబుతాను. చాలా కష్టమైన పని. వసంతమ్మగారు జీవితంలో చేయలేకపోయిన పని అదొక్కటే. అది చేసి తీరాలని నాకు నేర్పిందీ ఆమే.