ఎక్కని తెరచాప పడవ

వేసవి మొదట్లో కారంపూడి నుంచి గురజాల వెళ్తుంటే, బస్సులో నా పక్కన యాభై ఏళ్లు దాటినాయన కూర్చున్నాడు. మాటల్లో, పాతికేళ్లు గోవాలో ఫైబర్ పడవలు చేశానని చెప్పాడు. ఫోన్‌లో ఒక తెల్లటి తెరచాప పడవ ఫొటో చూపించాడు.

"పాత డిజైన్ అండీ. పరుగు తక్కువే. కానీ అడుగున సీసం బరువు చానా ఉంటది. గాలి ఎంత తోసినా ఇట్టా ఒరిగి, మళ్లీ లేస్తది," అంటూ అరచేతిని పక్కకు వాల్చి, నెమ్మదిగా నిలబెట్టాడు.

దాన్ని కొనుక్కున్న దంపతులు ఒకసారి తుఫానులో చిక్కుకున్నారట. పడవ పూర్తిగా పక్కకు పడిపోయి మళ్లీ లేచిందని, ఇద్దరం బతికి బయటపడ్డామని ఆయనకు మెసేజ్ పెట్టారట.

"మీరు దాంట్లో ఎంత దూరం పోయారు?" అని అడిగాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నేను ఎక్కలా. నీళ్లలోకి దించిన రోజు వాళ్లు రమ్మని పిలిచారండీ. ఒళ్లంతా ఫైబర్ దుమ్ము, మురికి బట్టలు. ఆ తెల్లటి పడవలో ఏం కూర్చుంటాంలే అని సిగ్గుపడ్డా. ఆ తర్వాత ఏ పడవలోకీ నన్నెవరూ పిలవలా."

కిటికీ అవతల కళ్లాల్లో ఎండుతున్న మిర్చిని చూస్తూ కూర్చున్నాను. గురజాలకు ముందే ఒక ఊళ్లో ఆయన దిగిపోయాడు.

వాళ్లిద్దరూ బతికింది మీ చేతిపని వల్లే కదా అన్న మాట, బస్సు కదిలాక తట్టింది. తల బయటపెట్టి చూశాను. ఆయన అప్పటికే రోడ్డు దాటేశాడు.